రొయ్యల గుంటల సీన్‌కి బేస్ డ్రోన్: ముందు అక్కడి శ్రుతి పట్టుకో

తమ్ముడూ, నీ ప్రశ్న చదివినవాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి ఒకసారి చెప్పి మొదలుపెడతా. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర రాత్రిపూట తీసిన షార్ట్ ఫిల్మ్. కట్ట మీద కాపలా మనిషి ఒక్కడే ఉన్నాడు, ఎవరో వస్తున్నారని అతనికి అనుమానం. ఆ సీన్ కింద రెండు నిమిషాల పాటు లోతైన బేస్ డ్రోన్ (ఆగకుండా సాగే ఒకే కింది స్వరం) నడవాలి. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఎల్ స్టూడియోలో త్రీ ఎక్స్ ఆస్క్ అనే సింథ్ తెరిచి, మూడు సా వేవ్‌లు (రంపపు పళ్ల ఆకారం తరంగాలు) కొద్దికొద్ది తేడాతో పెట్టి, 55 హెర్ట్జ్ ఏ నోట్ పట్టి ఉంచావు. దాని మీద సౌండ్‌గుడైజర్ ఎఫెక్ట్, ఆ మీద పెద్ద రివర్బ్ (హాల్లో మోగినట్టుండే ప్రతిధ్వని). హెడ్‌ఫోన్స్‌లో అదిరిపోయింది. ఫోన్‌లో వింటే అసలు లేదు. ఒక ఫంక్షన్ హాల్లో ఫ్రెండ్స్‌కి వేసి చూపిస్తే కిటికీలు మోగాయి, డైలాగ్ మునిగిపోయింది, భయం మాత్రం రాలేదు. "ఇంకా కిందికి, 30 హెర్ట్జ్‌కి దించితే లోతు వస్తుందా అన్నా?" అని అడిగావు.

రాదు. ఇప్పుడున్నది కూడా పోతుంది. మన ఊళ్లలో అద్దెకిచ్చే సౌండ్ సిస్టమ్స్‌లో సబ్ బాక్సులు 40 హెర్ట్జ్ చుట్టుపక్కల నుంచే దిగిపోవడం మొదలవుతాయి. కోన్ చిరిగిపోకుండా యాంప్‌లోనో ప్రాసెసర్‌లోనో అక్కడే ఫిల్టర్ పెట్టి ఉంచుతారు. 30 దగ్గర నువ్వు ఎంత పోసినా అది యాంప్‌ని వేడెక్కిస్తుంది, నీ హెడ్‌రూమ్ (సౌండ్ పగిలేలోపు మిగిలిన చోటు) తింటుంది, జనం చెవిదాకా రాదు. ఇక ఫోన్ స్పీకర్ 200 హెర్ట్జ్ కింద దాదాపు చేతులెత్తేస్తుంది. దానికి 30 అయినా 55 అయినా ఒకటే.

నీ ప్యాచ్‌లో (సింథ్ సెట్టింగ్‌లో) అసలు చిక్కు నోట్ దగ్గరే ఉంది. ఆ సీన్‌లో ఇప్పటికే ఒక శ్రుతి మోగుతోంది. గుంటల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతున్నాయి, గట్టు పక్కన ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, షెడ్డులో ట్యూబ్‌లైటు ఉంది. ఇవన్నీ 50 హెర్ట్జ్ కరెంటు మీద బతికేవి. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనప కోర్ ఒక్కో సైకిల్‌కి రెండుసార్లు సాగి ముడుచుకుంటుంది కాబట్టి దాని మోత 100 హెర్ట్జ్ దగ్గర వినిపిస్తుంది. పైన 200, 300 అలా మెట్లు మెట్లుగా ఉంటాయి. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైటు గుయ్‌మనేది కూడా 100 దగ్గరే. నీ లొకేషన్ ఆడియోని ఏదైనా స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో (ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో గీసి చూపేది) వేసి చూడు, 100 దగ్గర సూదిలా ఒక గీత నిలబడి ఉంటుంది. వాక్సెంగో స్పాన్ ఉచితంగా దొరుకుతుంది, అది చాలు.

ఇప్పుడు దాని కింద నువ్వు 55 హెర్ట్జ్ సా వేవ్ పెట్టావు. దాని రెండో హార్మోనిక్ (మూల ఫ్రీక్వెన్సీకి రెండింతలు ఉండే పై స్వరం) 110. ఆ 110, అక్కడి 100 కలిసి సెకనుకి పదిసార్లు కొట్టుకుంటాయి, అంటే సౌండ్ అన్నిసార్లు పెరిగి తగ్గుతుంది. అడుగున 50 హెర్ట్జ్ హమ్ ఏమైనా రికార్డయి ఉంటే అది 55తో సెకనుకి ఐదుసార్లు కొట్టుకుంటుంది. ఇంత వేగంగా కొట్టుకుంటే చెవికి అది మెల్లటి ఊపులా తెలియదు, దడదడలా తెలుస్తుంది. హాల్లో నువ్వు విన్న ఆ బురద సౌండ్‌లో సగం దీనివల్లే అని నా అనుమానం.

కాబట్టి నోట్ మార్చు. 49 హెర్ట్జ్ దగ్గర జీ నోట్ ఉంది. దాన్ని 35 సెంట్లు (కీబోర్డ్‌లో పక్క మెట్టుకి ఉన్న దూరంలో నూరో వంతు ఒక సెంటు) పైకి జరిపితే సరిగ్గా 50కి వస్తుంది. ఎఫ్‌ఎల్ పియానో రోల్‌లో ఇది జీ2 అని కనిపిస్తుంది, చాలా సాఫ్ట్‌వేర్‌లలో ఇదే జీ1. పేరు చూసి మోసపోకు, ఆసిలేటర్ ఆక్టేవ్ నాబ్‌లు కూడా ఉంటాయి కాబట్టి ఎనలైజర్‌లో 50 దగ్గర గీత పడిందా లేదా అన్నదే చూసుకో. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ కూడా ఎప్పుడూ కచ్చితంగా 50 ఉండదు. మన దేశంలో దాన్ని 49.90 నుంచి 50.05 మధ్య ఉంచాలని నిబంధన. ఆ చిన్న తేడా నీకు మేలే చేస్తుంది. నీ 50, అక్కడి 49.95 కలిసి ఇరవై సెకన్లకొకసారి మెల్లగా ఊగుతాయి. మనిషి కూర్చుని ఆటోమేషన్ (నాబ్ కదలికల గీత) గీసినా అంత సహజంగా రాదు. షూటింగ్ రోజు గుంటలు జెనరేటర్ మీద నడిచి ఉంటే మాత్రం లెక్క మారుతుంది. లోడు తక్కువ ఉన్న డీజిల్ జెనరేటర్ 51, 52 దాకా వెళ్తుంది. అప్పుడు గీత ఎక్కడుందో కొలిచి దానికే శ్రుతి చెయ్యి.

ఏరియేటర్ల గురించి ఇంకో మాట. వాటి మోటార్లు కరెంటుతో కచ్చితంగా అడుగు కలపవు. నాలుగు పోల్స్ మోటార్ నిమిషానికి 1500 తిరగాలి, లోడు పడితే 1440 దగ్గర్లో తిరుగుతుంది. ఒక్కో మోటార్ మీద లోడు ఒక్కోలా ఉంటుంది కాబట్టి పది మోటార్లు పది రకాలుగా తిరుగుతాయి. రాత్రిపూట దూరం నుంచి గుంటలు ఊఁ... ఊఁ... అని ఊపిరి తీస్తున్నట్టు వినిపించేది ఆ తేడాల వల్లే. డ్రోన్‌కి కావాల్సిన కదలిక అంతా ఆ రొదలో ఉచితంగా ఉంది. దాన్ని వదిలేసి ప్రీసెట్ల కోసం ఇంటర్నెట్ అంతా వెతకడం దేనికి?

సరే, ఇక కట్టడం. నేనైతే మూడు పొరలుగా కడతాను. త్రీ ఎక్స్ ఆస్క్‌తో కూడా అవుతుంది గానీ వైటల్ గానీ సర్జ్ ఎక్స్‌టీ గానీ, ఈ సింథ్‌లు దించుకుంటే పని సులువు. సర్జ్ పూర్తిగా ఉచితం, వైటల్‌కి కూడా ఉచిత వెర్షన్ ఉంది.

అడుగు పొర ఒక్క సైన్ వేవ్ (హార్మోనిక్స్ లేని నున్నటి తరంగం). 50 హెర్ట్జ్, మోనో. యూనిసన్ (ఒకే నోట్ కాపీలు) వద్దు, కోరస్ వద్దు, రివర్బ్ వద్దు, డిట్యూన్ (శ్రుతి కొద్దిగా తప్పించడం) అసలే వద్దు. నువ్వు మూడు సా వేవ్‌లని ఒకే చోట కొద్దికొద్దిగా డిట్యూన్ చేసి పెట్టావు. అది మూడు జేసీబీలు ఒకే సందులో దూరడం లాంటిది. ఒకే ఎత్తున్న రెండు తరంగాలు కొద్ది తేడాతో నడిస్తే ఒకసారి కలిసి రెట్టింపవుతాయి, ఒకసారి ఎదురుపడి పూర్తిగా చచ్చిపోతాయి. పైన ఫ్రీక్వెన్సీల్లో అది అందం. అడుగున జరిగితే, బేస్ వచ్చి పోయి వచ్చి పోయి, వినేవాడికి స్పీకర్ పాడైందేమో అనిపిస్తుంది. అడుగు కదలకూడదు. ఎటాక్ (సౌండ్ పూర్తిగా లేచే టైమ్) మాత్రం నాలుగైదు సెకన్లు పెట్టు, లేకపోతే మొదట్లో టక్‌మని క్లిక్ వస్తుంది.

మధ్య పొరలోనే ప్రాణం ఉంది. ఇక్కడ టైమ్ పెట్టు. తంబూరా గుర్తు తెచ్చుకో. ఒకటో శ్రుతిలో మంద్ర తీగ 65 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఆ చెక్క బుర్రకి 65 హెర్ట్జ్‌ని గట్టిగా బయటికి తోసే శక్తి లేదు. అయినా మనకి లోతుగానే వినిపిస్తుంది. గుర్రం (తీగ ఆనే బ్రిడ్జి) మీద తీగ కింద దూర్చిన దారం వల్ల తీగ గుర్రాన్ని ఒరుసుకుంటూ మోగి, పైన హార్మోనిక్స్ గుంపుగా లేస్తాయి. ఆ హార్మోనిక్స్ మధ్య దూరం చూసి మెదడే కింది స్వరాన్ని పూరించుకుంటుంది. దారం ఒక వెంట్రుకంత జరిపితే నాదం మొత్తం మారిపోతుంది, కింది స్వరం మాత్రం అదే. మన పాత జానపద బృందాల్లో మేక తోలుతో చేసిన శ్రుతి తిత్తి ఉండేది, దాని పని కూడా ఇంతే. బేస్ అనేది వాటిలో చాలా తక్కువ. నిండుదనం అంతా పైనుంచి వచ్చిందే.

నీ మధ్య పొరకి ఇదే సూత్రం. 100 హెర్ట్జ్ దగ్గర రెండు సా వేవ్‌లు, మధ్య తేడా 4 సెంట్లు. సెంట్లు చెవికి పట్టవు కాబట్టి హెర్ట్జ్‌లో ఆలోచించడం అలవాటు చేసుకో. 100 దగ్గర 4 సెంట్లంటే 0.23 హెర్ట్జ్, అంటే నాలుగు సెకన్ల చిల్లరకి ఒక ఊపు. ఎనిమిదో హార్మోనిక్ దగ్గర అదే తేడా ఎనిమిది రెట్లవుతుంది, అక్కడ సెకనుకి దాదాపు రెండు ఊపులు. కింద నెమ్మది, పైన చురుకు. రెండు ఆసిలేటర్లతోనే ఇంత వస్తుంటే, యూనిసన్ ఏడు పెట్టి 20 సెంట్లు విప్పితే ట్రాన్స్ (ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్) పాటలో సింథ్ అవుతుంది, రాత్రి గుంట కట్ట మీద అది నప్పదు.

దాని మీద 24 డీబీ లో-పాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలని కోసేది). కటాఫ్ (కోత మొదలయ్యే చోటు) 180 నుంచి 450 హెర్ట్జ్ మధ్య ఒక ఎల్‌ఎఫ్‌ఓతో (నాబ్‌ని తనంతట తిప్పే నెమ్మది తరంగం) మెల్లగా తిరగాలి. ఎల్‌ఎఫ్‌ఓని టెంపోకి కట్టకు. టెంపోకి కట్టిన వెంటనే చెవి తాళం వెతుక్కుంటుంది, తాళం దొరికితే టెన్షన్ పోతుంది. ఫిల్టర్ ఎల్‌ఎఫ్‌ఓ 17 సెకన్లకి ఒక చుట్టు, వాల్యూమ్ మీద ఇంకొకటి 23 సెకన్లకి ఒక చుట్టు పెట్టు. ఈ రెండూ మళ్లీ మొదటి చోట కలవాలంటే 391 సెకన్లు, ఆరున్నర నిమిషాలు. నీ సీన్ రెండు నిమిషాలే కాబట్టి ఏ క్షణమూ రెండోసారి రాదు. లోతు మరీ ఎక్కువ తిప్పకు. ఫిల్టర్ కదులుతోందని వినేవాడికి తెలిసిందంటే ఎక్కువైందని లెక్క.

పంచమం కలపాలనిపిస్తుంది, కలుపు. కానీ 75 హెర్ట్జ్ దగ్గర కాదు, 150 దగ్గర. కింది ఫ్రీక్వెన్సీల్లో రెండు స్వరాలని విడదీసి వినే ఓపిక చెవికి తక్కువ, 50, 75 పక్కపక్కన పెడితే మిక్స్ బురదవుతుంది. 150 అయితే 50కి మూడో హార్మోనిక్, వచ్చి కూర్చుంటుంది. కీబోర్డ్ పంచమం దీనికి రెండు సెంట్లు తక్కువ ఉంటుంది, ఫైన్ ట్యూన్‌తో 2 సెంట్లు పెంచితే నిలబడుతుంది. ఇక ఆ వచ్చేవాడు ఫ్రేమ్‌లోకి అడుగుపెట్టే ముందు, శుద్ధ రిషభం ఒక సైన్ వేవ్‌గా 213 హెర్ట్జ్ దగ్గర చాలా తక్కువ వాల్యూమ్‌లో పది, పదిహేను సెకన్లలో పైకి తీసుకురా. 200 దగ్గరున్న హార్మోనిక్‌తో అది ఒరుసుకుని, ఎందుకో తెలియని ఇబ్బంది మొదలవుతుంది. ఫోన్ స్పీకర్‌లో కూడా కొంత పలుకుతుంది. భయం కోసం బేస్ పెంచడం కన్నా ఇది వందరెట్లు నయం.

మూడో పొర ఆ గుంటల రొదే. మళ్లీ వెళ్లి రికార్డ్ చెయ్యి. ఫోన్‌తో అయితే మామూలు వాయిస్ రికార్డర్ వాడకు. అది మాటల కోసం చేసింది, హమ్‌ని చెత్త అనుకుని తుడిచేస్తుంది. నాయిస్ సప్రెషన్, ఆటో గెయిన్ ఆపుకునే వీలున్న యాప్‌తో వావ్ ఫైల్ తీసుకో. గాలికి అడ్డంగా ఏదైనా పెట్టుకో, మైపాడు వైపు గాలి సంగతి నీకు తెలుసు. పీజో బిళ్లకి వైరు అతికించి కాంటాక్ట్ మైక్ చేసుకుంటే ఇనప గేటు, షెడ్డు రేకు, బోరు పైపు లోపల ఏం మోగుతుందో వినొచ్చు. చాలా చవక, ఆశ్చర్యపోతావు. కానీ తిరుగుతున్న ఏరియేటర్ మోటార్‌కి గానీ దాని వైరుకి గానీ అంటించకు, ట్రాన్స్‌ఫార్మర్ కంచె దాటకు. నీళ్లూ కరెంటూ కలిసిన చోటు అది, గుంటల దగ్గర షాక్ కొట్టి పోయిన వాళ్ల గురించి మన జిల్లాల్లో ఎవరినడిగినా చెబుతారు. పది అడుగుల దూరం నుంచి తీసినా సౌండ్ సరిపోతుంది. మా ఒంగోలు వైపు అయితే చీమకుర్తి గ్రానైట్ కోత మిల్లుల పక్క రోడ్డు మీద నిలబడినా ఇలాంటి సరుకు దొరుకుతుంది.

ఆ రికార్డింగ్‌ని ఆడాసిటీలో పాల్‌స్ట్రెచ్ ఎఫెక్ట్‌తో ఎనిమిది, పది రెట్లు సాగదియ్యి. రెక్కలు నీళ్లని కొట్టే చప్పుడు పొగమంచులా పరుచుకుంటుంది. వేగం సగానికి తగ్గించి ఒక ఆక్టేవ్ దించి కూడా చూడు. ఇదంతా అయ్యాక 250 హెర్ట్జ్ కింద ఉన్నది కత్తిరించెయ్యి. అడుగులో ఇంకొకరికి చోటు లేదు. రివర్బ్ వేసుకోవాలంటే ఈ పొర మీద వేసుకో, స్టీరియోగా వెడల్పు చెయ్యి. వల్‌హల్లా సూపర్‌మాసివ్ ఉచితమే, ఇలాంటి పనికి బాగుంటుంది. నీ పాత మిక్స్‌లో మొత్తానికి రివర్బ్ పడింది కదా, పాలరాయి పరిచిన ఫంక్షన్ హాల్‌కి సొంత రివర్బ్ చాలదా? అడుగు మీద రివర్బ్ పడితే ఏ హాల్లో అయినా అంతే.

ఫోన్ సమస్యకి మందు సాచురేషన్, అంటే తరంగాన్ని కొద్దిగా వంచి హార్మోనిక్స్ పుట్టించడం. అడుగు సైన్‌ని ఒక కాపీ తీసి వేరే ట్రాక్‌లో పెట్టు. దాని మీద ఫ్రూటీ వేవ్‌షేపర్ లాంటిది వెయ్యి. గీతని రెండు వైపులా ఒకేలా వంచితే 150, 250 లాంటి బేసి హార్మోనిక్స్ వస్తాయి, ఒక వైపే ఎక్కువ వంచితే 100, 200 లాంటి సరి హార్మోనిక్స్ కూడా వస్తాయి. ఒక వైపు ఎక్కువ వంచడమే నాకు ఇష్టం, నిండుగా ఉంటుంది. తరవాత ఆ కాపీలో 90 కింద కోసేసి, అసలు సైన్‌కి కొద్దికొద్దిగా కలుపు. అసలు సైన్ శుభ్రంగా ఉంటుంది, హార్మోనిక్స్ ఎంత కావాలో నీ చేతిలో ఉంటుంది. సౌండ్‌గుడైజర్ ఈ పనే ఒక్క నాబ్‌తో మొత్తానికీ చేస్తుంది, ఎక్కడ ఏం పెంచిందో నీకు తెలియనివ్వదు. తీసెయ్. పరీక్ష చెప్తాను: మాస్టర్ మీద 250 హెర్ట్జ్ హై-పాస్ ఫిల్టర్ (కింది ఫ్రీక్వెన్సీలని కోసేది) పెట్టి విను. డ్రోన్ సన్నబడాలి గానీ మాయమవ్వకూడదు, నోట్ అదే అనిపించాలి. ఫిల్టర్ తీసినప్పుడు అడుగు వచ్చి చేరాలి.

మాస్టర్‌లో 25, 30 కింద కోసెయ్యి, అక్కడ చెత్త తప్ప ఏమీ ఉండదు. 120 కింద అంతా మోనో. డైలాగ్ విషయానికొస్తే, కింది శబ్దం పై శబ్దాన్ని కప్పేసినంత సులువుగా పైది కిందిదాన్ని కప్పలేదు. అందుకే నీ డ్రోన్ వాల్యూమ్ మీటర్‌లో మామూలుగా కనిపిస్తున్నా మాట నలిగిపోయింది. మగ గొంతు మూల ఫ్రీక్వెన్సీ 85 నుంచి 180 మధ్య ఉంటుంది. మాట వచ్చినప్పుడల్లా మధ్య పొర రెండు మూడు డీబీ తగ్గేలా సైడ్‌చెయిన్ పెట్టు, రిలీజ్ (మళ్లీ పైకి లేచే టైమ్) ఒక సెకను దాకా ఉంచు. అడుగు సైన్‌ని తాకొద్దు.

వినే పద్ధతి కూడా మార్చుకో. ఇంట్లోవాళ్లు పడుకున్నాక తక్కువ సౌండ్‌లో మిక్స్ చేస్తే బేస్ తక్కువనిపించి పెంచుకుంటూ పోతావు. చెవి తత్వం అది, ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించారు. ఇక స్పీకర్లు కొనే ఆలోచన ఉందన్నావు. పది బై పన్నెండు గదిలో పన్నెండు అడుగుల వైపు 47 హెర్ట్జ్ దగ్గర, పది అడుగుల వైపు 57 దగ్గర నిలువు తరంగాలు లేస్తాయి. గోడ దగ్గర కూర్చుంటే బేస్ ఉబ్బుతుంది, గది నడిమధ్య ఖాళీ అవుతుంది. నీ 50 ఆ రెంటి మధ్యే పడుతుంది. అందుకని ఇప్పటికి స్పీకర్ల డబ్బు దాచుకో, హెడ్‌ఫోన్స్, ఎనలైజర్ నమ్ముకో, చివరికి ఒకసారి కారులో విను.

సీన్‌లో ఎక్కడ మొదలుపెట్టాలో నువ్వు అడగలేదు గానీ చెప్తున్నా. 50కి శ్రుతి చేశావు కాబట్టి నీ డ్రోన్‌ని లొకేషన్ రొద కింద ముప్పై సెకన్ల ఫేడ్‌తో ఎవరికీ తెలియకుండా దింపొచ్చు. జనం అది ఏరియేటర్లే అనుకుంటారు. ఆపేటప్పుడు మాత్రం ఫేడ్ వద్దు. కాపలా మనిషి టార్చి వేసిన ఫ్రేమ్‌లోనే డ్రోన్, ఏరియేటర్లు అన్నీ ఒక్కసారిగా కట్ చెయ్యి, కరెంటు పోయినట్టు. అప్పటిదాకా చెవికి అలవాటైన మోత పోగానే హాలంతా సర్దుకుని కూర్చుంటుంది.

ఎక్స్‌పోర్ట్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వావ్. అడుగు పొరని విడిగా ఒక ఫైల్, మిగతా రెండు కలిపి ఇంకో ఫైల్ ఉంచుకో. ఏ హాల్లో వేసినా అడుగు ఎక్కువనిపిస్తే అక్కడికక్కడే అదొక్కటే తగ్గించుకోవచ్చు. ముందుగా లొకేషన్ ఆడియో ఒక నిమిషం ముక్క, డ్రోన్ లేకుండా, ఇక్కడ పెట్టు. 100 దగ్గర గీత ఎక్కడ పడిందో చూసి ట్యూనింగ్ ఎంత జరపాలో చెబుతాను.